అబోటాబాద్ దాడి గురించి మా నాయనకు ఏం చూపించాలి?

మాది చిత్తూరు. మా నాయన మిలిటరీలో చేసి రిటైరైనాడు. 2011 మే 2న పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో అల్‌ఖైదా నాయకుడు బిన్ లాడెన్‌ను అమెరికా సైనికులు చంపినారంటే ఆయన ఒప్పుకోడు. రాత్రి సంగటి ముద్ద చేతిలో పట్టుకుని, “శవాన్ని సముద్రంలో ఎందుకు వేసినార్రా? ఒక్క ఫొటో అన్నా చూపించినారా?” అంటాడు. ముద్ద ఆరిపోతా ఉంటుంది, తినడు.

ఆ అనుమానం ఊరికే పుట్టిందని నేననను. లాడెన్ ఎదురుకాల్పుల్లో ఉన్నాడని, భార్యను అడ్డం పెట్టుకున్నాడని మొదట చెప్పింది వైట్‌హౌస్ వాళ్లే. మర్నాడే, ఆయన చేతిలో ఆయుధం లేదని దిద్దుకున్నారు. ఫొటోలు ఇవ్వనక్కర్లేదని 2013లో అక్కడి అప్పీలు కోర్టు కూడా తేల్చేసింది. అట్లాంటప్పుడు జనం నమ్మమంటే ఎట్లా నమ్ముతారు?

కానీ లాడెన్ చనిపోయినాడని ఆ వారంలోనే అల్‌ఖైదా ఒప్పుకుంది కదా! ఆ మాటంటే, “అదీ అమెరికావాళ్లే రాయించింటారు” అంటాడు.

పాకిస్తాన్ వేసిన విచారణ కమిషన్ రిపోర్టు 2013లో బయటపడింది. అది చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ రాత్రి ఇంట్లో ఉన్న భార్యలు ఏం చెప్పినారో తెలుగులో నాలుగు ముక్కలు రాసి పెట్టండి, దయచేసి. నాయనకు చూపు తగ్గింది, పెద్దక్షరాల్లో ప్రింటు తీయించి ఇస్తాను.