ఇన్సర్ట్ ఎప్పుడు మార్చాలి: పీసుల లెక్కనా, అరుగుదల చూసా?

గాజువాక టర్నర్:
ఆటోనగర్‌లో చిన్న సీఎన్‌సీ షాపు మాది. రొయ్యల ప్లాంట్ల పంపులకు 304 స్టీల్ షాఫ్టులు చేస్తాం. ఫినిషింగ్‌లో (చివరి పల్చటి కోత) 40 పీసులకోసారి ఇన్సర్ట్ (టూలు కొనకి బిగించే చిన్న కార్బైడ్ కోత బిళ్ళ) తిప్పి కొత్త అంచు వాడాలని రూలు. మొన్న 26వ పీసుకే సైజు తప్పింది. అంతకుముందు వారం 40 అయ్యాక లెన్స్ పెట్టి చూస్తే అంచు నిక్షేపంలా ఉంది. నాకు ఈ లెక్క మీద నమ్మకం పోయింది. అరుగుదల చూసే మార్చాలంటాను. మీరేమంటారు?

షాపు ఓనర్:
లెక్క తీసేస్తే రాత్రి షిఫ్టు ఎవరు చూస్తారు తమ్ముడూ? కొత్తగా చేరిన కుర్రాడికి మైక్రోస్కోప్ ఇచ్చి అరుగుదల 0.2 మి.మీ. ఉందా 0.3 ఉందా అంటే ఏం చెప్తాడు? సీఎన్‌ఎంజీ రకం ఇన్సర్ట్‌కి నాలుగు అంచులు. కాస్త ముందే తిప్పితే పోయేది ఒక అంచులో కొంత. అంచు విరిగితే పోయేది షాఫ్టు.

ప్రోగ్రామర్:
స్పిండిల్ లోడ్‌కి (పీసును తిప్పే మోటారు మీద పడే భారం) లిమిట్ పెట్టండి, దాటగానే మెషినే ఆగిపోతుంది. మా దగ్గర రఫింగ్ (మొదటి మందపాటి కోత) అంతా అలాగే నడుస్తోంది.

గాజువాక టర్నర్:
రఫింగ్‌కి ఒప్పుకుంటానన్నా. ఫినిషింగ్‌లో మేం తీసేది 0.3 మి.మీ. లోతు. ఖాళీగా తిరిగినా, కోస్తున్నా మీటరు పెద్దగా కదలదు. ఇక అరిగిన తేడా అందులో ఎక్కడ కనబడుతుంది?

ఓనర్ గారూ, మా 40 ఎందుకు తప్పిందో ఇవాళ దొరికింది. ఎవరో స్పీడ్ ఓవర్‌రైడ్ (ప్రోగ్రామ్‌లోని వేగాన్ని పెంచే, తగ్గించే స్విచ్) 120 శాతంలో పెట్టి వదిలేశారు. కోత వేగానికి, టూలు ఆయుష్షుకి లంకె చెబుతూ టేలర్ అనే ఇంజనీరు 1907లో ఇచ్చిన సూత్రంలో కార్బైడ్‌కి ఘాతాంకం 0.25 వేసుకుంటే, వేగం 20 శాతం పెరిగితే టూలు ఆయుష్షు సగానికి పడిపోతుంది. పీసు త్వరగా అవుతుంది కాబట్టి 40 కాస్తా 23 అవుతుంది. 26 దాకా లాగిందంటే అదే గొప్ప.

మైక్రోస్కోప్ అక్కర్లేదు. ఐఎస్ఓ 3685 అనే అంతర్జాతీయ ప్రమాణంలో టూలు ఆయుష్షు పరీక్షకు హద్దు, అరిగి అంచు కింద మెరిసే పట్టీ సగటున 0.3 మి.మీ. వెడల్పు. ఈ ఇన్సర్ట్ హోల్డర్‌లో కూర్చున్నాక అంచు కింద 6 డిగ్రీల ఖాళీ ఉంటుంది. అంటే పట్టీ 0.3 అయ్యేసరికి అంచు సుమారు 0.03 వెనక్కి జరుగుతుంది, షాఫ్టు వ్యాసం 0.06 లావవుతుంది. సైజు ఎలాగూ చూస్తాం, ఆఫ్‌సెట్ (సైజు తేడాకి మెషిన్‌లో ఇచ్చే సవరణ) ఎలాగూ ఇస్తాం. ఆ ఆఫ్‌సెట్‌లు కాగితం మీద కూడితే అరుగుదల తెలిసిపోతుంది. కుర్రాడైనా కూడగలడు. పొద్దున్న మెషిన్ వేడెక్కేటప్పుడు ఇచ్చినవి మాత్రం కలపకూడదు.

ప్రోగ్రామర్:
304 స్టీల్ అంచుకి అతుక్కుంటుంది కదా. ఆ ముద్ద వల్ల లోతు ఎక్కువ తెగి సైజు తగ్గుతుంది, అప్పుడు నీ కూడిక తప్పుతుంది. అంచు పైముఖం మీద పడే గుంట కూడా సైజులో సరిగా తెలీదు.

గాజువాక టర్నర్:
నిజమే, దానికి లెన్సే గతి. 10 పీసులకోసారి చూస్తే చాలు, అర నిమిషం పని.

షాపు ఓనర్:
కాగితం మాట నచ్చింది. రేపు మెషిన్ తలుపుకి అంటిస్తాను. కూడిక 0.05 దాటితే తిప్పడం, దాటకపోయినా 40కి తిప్పడం. లెక్క మాత్రం వదలను. ఓవర్‌రైడ్ ఎంతలో ఉందో రాయడానికి పైన ఒక గడి పెడతాను.