అపార్ట్‌మెంటులో తడి చెత్తతో ఎరువు: వానాకాలంలో వాసన రాకుండా ఎలా నడుపుతున్నారు?

కృష్ణలంక_నివాసి (విజయవాడ)
మాది 36 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. ఉగాది నుంచి తడి చెత్తను కార్పొరేషన్ బండికి ఇవ్వకుండా ఇక్కడే ఎరువు చేస్తున్నాం. వెనుక ప్రహరీ పక్కన, జనరేటరు దాటాక, చుట్టూ రంధ్రాలు పెట్టిన పెద్ద డ్రమ్ములు ఉన్నాయి. వేసవంతా సాఫీగా సాగింది. వానలు పడ్డప్పటి నుంచి వాసన, అడుగున నల్లటి నీరు, పురుగులు. కింది అంతస్తు వాళ్లు కిటికీలు తీయలేకపోతున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే.

ఈ ఆదివారం సమావేశంలో రెండు ప్రతిపాదనలు రాబోతున్నాయి. ఒకటి కరెంటు యంత్రం కొనడం, రెండోది అంతా ఆపేసి బండికి ఇచ్చేయడం. ఇన్ని ఇళ్లవాళ్లు తడి, పొడి వేరు చేయడం అలవాటు చేసుకున్నాక ఆపేయడం నాకు మనస్కరించడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్లగండ్ల_మిద్దెతోట (హైదరాబాద్)
వాసన వస్తోందంటే లోపల గాలి ఆడటం లేదని అర్థమండీ. నీరు ఎక్కువైంది, ఎండు పదార్థం తక్కువైంది. వేసవిలో ఆ నీరు దానంతటదే ఆవిరవుతుంది కాబట్టి లోపం బయటపడదు.

బకెట్టు తడి చెత్తకు కనీసం బకెట్టున్నర ఎండుటాకులు పడాలి. డ్రమ్ము మధ్యలోంచి ఒక పిడికెడు తీసి గట్టిగా నొక్కి చూడండి. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే తడి ఎక్కువైనట్టు. పొడిపొడిగా రాలిపోతే తక్కువైనట్టు. సున్నుండలా నిలిస్తే సరిగ్గా ఉన్నట్టు.

వానాకాలంలో ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. దొరకవు, ముందే దాచుకోవాలి. మాఘ, ఫాల్గుణ మాసాల్లో వేప, కానుగ, బాదం చెట్లు ఆకు రాలుస్తాయి. వీధుల్లో వాటిని కుప్పపోసి తగలబెడుతుంటారు. మేము వాటినే అడిగి తెచ్చుకుని గోనెసంచుల్లో కుక్కి మెట్ల కింద పేర్చుకుంటాం. కార్తీకం దాకా అవే ఆధారం. ఈ ఏటికి మీకు ఆ దారి లేదు కనుక కొబ్బరి పొట్టు దిమ్మెలు కొనండి. మొక్కలకైతే నానబెట్టి వాడతాం గానీ, ఇక్కడ నానబెట్టకూడదు. పొడిగానే చిదిపి వేస్తే చెత్తలోని నీటిని అదే పీల్చుకుంటుంది.

కృష్ణలంక_నివాసి
మా చుట్టుపక్కల రైసు మిల్లులు చాలా ఉన్నాయి. ఊక తేలికగా దొరుకుతుంది. అది పనికొస్తుందా?

పొలంగట్టు (తెనాలి)
నేను వ్యవసాయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఊక ఒక్కటే వేస్తే ప్రయోజనం తక్కువ. దానిలో సిలికా ఎక్కువ, తొందరగా కుళ్లదు, నీటిని కూడా పెద్దగా పీల్చదు. అయితే చెత్త ముద్దకట్టకుండా మధ్యలో గాలికి చోటిస్తుంది. కొబ్బరి పొట్టుతో కలిపి వేయండి. రంపపు పొట్టు మంచిదే, కానీ ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది.

దీని వెనకున్న లెక్క చెబుతాను. సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉంటే నత్రజని ఒక పాలు ఉండాలి. కూరగాయల తొక్కల్లో, అన్నంలో, కాఫీ పిప్పిలో నత్రజని పాలు ఎక్కువ. ఎండుటాకులు, అట్టముక్కలు, పొట్టులో కర్బనం ఎక్కువ. తొక్కలే వేస్తూ పోతే మిగిలిన నత్రజని అమ్మోనియాగా పోతుంది, ఆ ఘాటే ముక్కుకు తగులుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే మాత్రం అది గాలి అందకపోవడం వల్లే. ఏ వాసనో చెప్పగలిగితే మందు కూడా చెప్పవచ్చు.

ఇక పురుగులు. సన్నగా, తెల్లగా, మెత్తగా ఉంటే ఈగ పిల్లలు. పైన రెండంగుళాల మందాన పొడి పొట్టు కప్పి ఉంచితే ఈగ వాలి గుడ్లు పెట్టదు. అలా కాకుండా కాస్త చదునుగా, గోధుమ రంగులో, గట్టి చర్మంతో ఉంటే అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. వాటిని చంపకండి. చెత్తను అవే వేగంగా తినేస్తాయి, పెద్దవయ్యాక ఆ ఈగలు మన అన్నం మీద వాలవు.

నాదొక సూచన. ఇన్ని ఇళ్లకు డ్రమ్ములు సరిపోవు. వాటిలో రాశి తక్కువ కనుక వేడి నిలవదు. ఒక మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న కుప్పలో లోపలి వేడి 55 నుంచి 65 డిగ్రీలకు చేరుతుంది. అంత వేడిలో రోగకారక క్రిములు, చాలా రకాల కలుపు విత్తనాలు చస్తాయి. మహారాష్ట్ర రైతు పాండరీపాండే రూపొందించిన నాడెప్ తొట్టి గురించి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఇటుకకూ ఇటుకకూ మధ్య సందులు వదిలి కట్టే తొట్టి. అసలు కొలత 10 అడుగులు, 6 అడుగులు, 3 అడుగులు. మీకు అందులో సగం చాలు. అలాంటివి మూడు పక్కపక్కనే కట్టించి, పైన రేకు వేయించండి. ఒకటి నిండుతుంటే రెండోది మాగుతుంటుంది, మూడోదాన్ని తవ్వుకోవచ్చు.

సాగరతీరం (విశాఖపట్నం)
యంత్రం గురించి నేను చెప్పాలి. మా సంఘం కొన్నది, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. 24 గంటల్లో ఎరువు అని చెప్పి అమ్మారు. పొద్దున వేస్తే మర్నాటికి గోధుమరంగు పొడి వస్తుంది, చూడటానికి బాగుంటుంది. దాన్ని కుండీల్లో వేసి నీళ్లు పోయగానే బూజు పట్టి మళ్లీ వాసన మొదలైంది. లోపలి హీటరు చెత్తను ఎండబెట్టి నలుగగొట్టింది అంతే, అది మాగలేదు. ఇప్పుడు ఆ పొడిని పాత ఎరువుతో కలిపి కొన్ని వారాలు తడిపి ఉంచి, చల్లబడి మట్టి వాసన వచ్చాకే మొక్కలకు వేస్తున్నాం. అంటే చివరికి తొట్టి కావాల్సే వచ్చింది, దాని మీద కరెంటు బిల్లు అదనం. కొనేముందు ఆ పొడిని తడిపి, వారం ఉంచి చూపించమని అడగండి.

మియాపూర్_టవర్స్ (హైదరాబాద్)
సాగరతీరం గారూ, మీ మాటతో పూర్తిగా ఏకీభవించలేను. మావి 300 పైచిలుకు ఫ్లాట్లు, సెల్లారు తప్ప ఖాళీ నేల లేదు. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మాలాంటి చోట యంత్రం లేకుండా కుదరదు. మాగబెట్టడానికి విడిగా చోటు చూసుకోవాలన్న మాట మాత్రం నిజం.

సాగరతీరం
300 ఫ్లాట్లకు సరే. 36 ఫ్లాట్లకు అనవసరమనే నా అభిప్రాయం. పెద్ద ఎత్తున చేయాలంటే ఎరువు ఒక్కటే మార్గం కాదు కూడా. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థాలతో గ్యాసు, కరెంటు తీసే ప్లాంటు పెట్టారు.

వేపనీడ (వరంగల్)
అందరూ డ్రమ్ముల గురించి మాట్లాడుతున్నారు. ఆ డ్రమ్ములో చెయ్యి పెట్టేది ఎవరు? నేను పొడి చెత్త వేరుచేసే మహిళల సంఘంతో కలిసి పనిచేస్తాను. తడి చెత్తలో బ్లేడు వస్తుంది, పగిలిన గ్లాసు వస్తుంది, పిల్లల డైపరు వస్తుంది. తొడుగులు ఇచ్చినా గాజుముక్క దిగుతుంది. పగిలిన గాజును పాత అట్టపెట్టెలో పెట్టి అంటించి, పైన పెద్దగా రాసి విడిగా ఇవ్వండి. శానిటరీ ప్యాడ్లను కాగితంలో చుట్టి గుర్తు పెట్టి ఇవ్వాలి, చుట్టి ఇవ్వాలన్నది నిబంధనల్లోనూ ఉంది.

ఇంకొకటి, చిన్నదే గానీ మాకు చాలా పెద్దది. పాల ప్యాకెట్టు మూల కత్తిరించి ఆ ముక్కను పడేస్తారు. ఆ ముక్కను ఎవరూ ఏరలేరు. అది ఎరువులోకో మురుగు కాలువలోకో పోతుంది. పూర్తిగా కోయకుండా ముక్క ప్యాకెట్టుకే వేలాడేలా కత్తిరించండి. గిన్నెలు కడిగిన చివరి నీళ్లలో ఒకసారి ఝాడించి, సింకు మీద ఆరేసి, వారానికి ఒక కట్టగా ఇవ్వండి. శుభ్రమైన పాల ప్యాకెట్లకు గిరాకీ ఉంది. పాలతో పులిసినవాటిని ఎవరూ కొనరు. చిప్సు ప్యాకెట్లు ఎంత శుభ్రంగా ఇచ్చినా కొనేవాళ్లు దొరకడం కష్టం, వాటిని ఇంటికి తేవడమే తగ్గించాలి.

గోదావరి_గట్టు (రాజమహేంద్రవరం)
తగ్గించడం అన్నారు కాబట్టి మా కాలనీ సంగతి. ఒక గృహప్రవేశం జరిగితే పేపరు ప్లేట్లు, గ్లాసులు సంచుల కొద్దీ పోగయ్యేవి. పేపరు గ్లాసు లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఎరువులో వేస్తే అది పొరలు పొరలుగా మిగులుతుంది. అందరం చందా వేసుకుని స్టీలు పళ్లాలు, గ్లాసులు కొని కమ్యూనిటీ హాలులో పెట్టాం. సిద్దిపేట వైపు ఊళ్లలో వీటినే స్టీలు బ్యాంకులంటారు. అద్దె లేదు, తోమి తిరిగి ఇవ్వాలి, పోతే ఖరీదు కట్టాలి. తోమడానికి మనిషిని పెట్టుకునే ఖర్చు గురించి మొదట్లో సణుగుడు ఉండేది. ఇప్పుడు వనభోజనాలకు కూడా అవే వెళుతున్నాయి.

కృష్ణలంక_నివాసి
అందరికీ కృతజ్ఞతలు. మాది కుళ్లిన గుడ్డు వాసనే, పొలంగట్టు గారూ. ఆదివారం మూడు ఇటుక తొట్ల ప్రతిపాదన పెడతాను. వేపనీడ గారు అడిగిన ప్రశ్న నన్ను కదిలించింది. మా వాచ్‌మన్ భార్య ఈ పని చేస్తున్నారు. ఆమెకు విడిగా జీతం ఎంత అనుకోవచ్చు?

వేపనీడ
అంకె మీ ఊరి కూలిని బట్టి ఉంటుంది, కానీ అది వాచ్‌మన్ జీతంలో కలిపేయకండి. ఆమె పేరున, ఆమె చేతికి, నెలనెలా ఇవ్వండి. తొడుగులు, బూట్లు, కలపడానికి పొడవాటి పార, కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ సంఘం ఖర్చే. ఆమె సెలవు పెట్టిన రోజు ఎవరు చేస్తారో కూడా ఆదివారమే తేల్చండి.

పొలంగట్టు
గుడ్డు వాసనైతే తొట్లు కట్టేదాకా ఆగకండి. రేపే డ్రమ్ములన్నీ గోనెపట్టా మీద బోర్లించి, కొబ్బరి పొట్టు కలిపి, గడ్డలు చిదిమి, మళ్లీ వదులుగా నింపండి. అణచకండి. తిరగేసేటప్పుడు వాసన ఇంకా ఎక్కువ వస్తుంది, కాబట్టి కింది అంతస్తు వాళ్లకు ముందే చెప్పి మొదలుపెట్టండి. ఆ తర్వాత రోజు విడిచి రోజు కలపాలి. అడుగున చేరిన నల్ల నీటిని మొక్కలకు పోయకండి, ఆ వాసన పోయేదాకా అది వేళ్లకు మంచిది కాదు. పొట్టు మీదే తిరిగి పోసేయండి.