విశ్వాసం, పని, డబ్బు సదస్సు: వాలంటీర్ల పనుల పంపకం

సమన్వయకర్త: అందరికీ వందనాలు. మొత్తం 90 నిమిషాలు: ప్రసంగం 30, బల్లల దగ్గర చర్చ 40, ప్రశ్నలు 20. వాక్యభాగాలు మూడే: ఆదికాండము 2:15, మత్తయి 20:1–16, మత్తయి 25:14–30. బైబిల్ స్టడీ వాళ్లు చూసి చెప్పండి.

బైబిల్ స్టడీ: వరుస బాగుంది అన్నా. ఆదికాండము 3:17–19తో మొదలుపెడితే పనే శాపం అనుకుంటారు. అక్కడ శపించబడింది నేల. తోటను సేద్యం చేసి కాయమన్న పని దేవుడు అంతకుముందే, 2:15లోనే ఇచ్చాడు.

మత్తయి 25లో తలాంతుల దగ్గర జాగ్రత్త. మన సంఘాల్లో తలాంతు అంటే పాట, వాద్యం, ప్రసంగం. ఉపమానంలో మాత్రం అది యజమాని తన దాసులకు అప్పగించిన డబ్బు: ఒక్క తలాంతు సుమారు 6,000 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే 20 ఏళ్ల సంపాదన! ఈ లెక్క బోర్డు మీద వేయించండి. ఒక్క తలాంతు వాడికి దక్కింది చాలా తక్కువ అనే పొరపాటు అక్కడే తీరిపోతుంది.

మత్తయి 20లోని ద్రాక్షతోట కూలీల ఉపమానం చెప్పేటప్పుడు అందరూ, ఆలస్యంగా వచ్చినవాళ్లకూ సమాన కూలి ఇచ్చిన యజమాని దాతృత్వం గురించే మాట్లాడతారు. సాయంత్రం కాగానే కూలి ఇప్పించాడన్న 8వ వచనం దాటేస్తారు. ద్వితీయోపదేశకాండము 24:15 కూడా పొద్దు గుంకకముందే ఇవ్వమంటుంది. రెండూ పక్కపక్కనే అచ్చువేయండి.

చర్చ నిర్వహణ: బల్లకు ఆరుగురు. యజమానినీ అతని దగ్గర పనిచేసేవాళ్లనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టొద్దు, జీతం మాట రాగానే పనివాడు మౌనమైపోతాడు. వడ్డీ పాపమా అని తప్పకుండా అడుగుతారు, జవాబు ఎవరిస్తారు?

బైబిల్ స్టడీ: నేనిస్తాను అక్కా. నిర్గమకాండము 22:25 బీదవాడికిచ్చే అప్పు గురించి. మత్తయి 25:27లో సాహుకారుల దగ్గర వడ్డీ మాట ఉంది. అవసరానికి తెచ్చుకున్న అప్పు వేరు, వ్యాపారానికి తెచ్చిన అప్పు వేరు. 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ కూడా పేదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్నాడే గానీ, వడ్డీని మొత్తంగా నిషేధించలేదు. ఈ తేడా చెప్పకపోతే ఇల్లు కొనడానికి లోను తీసుకున్నవాళ్లంతా దోషుల్లా కూర్చుంటారు.

ప్రింటింగ్: పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లిష్. యూనికోడ్‌లోనే టైప్ చేసి పంపండి. పీడీఎఫ్‌లో ఫాంట్ చేర్చకపోతే ప్రింటర్ దగ్గర ఒత్తులు విడిపోతాయి. ముందు ఒక్క కాపీ తీసి చూస్తాను.

సమన్వయకర్త: ప్రశ్నల చీటీలు చర్చ మొదట్లోనే పంచండి, పేర్లు రాయక్కర్లేదు. జీతం, అప్పు గురించి మైకులో ఎవరూ అడగరు. చీటీలు ఏరి వరుసపెట్టడానికి ఇద్దరు కావాలి, ఎవరొస్తారు?