తావుల్ దప్పెనా, ఠావుల్ దప్పెనా? (చియొనొఫుజి విరమణ మాట, గజేంద్రుడి పద్యం)

కవాసకి తెలుగువాడు:
సభ్యులందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా ఒక పాదం బుర్రలో తిరుగుతోంది, తేల్చి పెట్టండి.

ఇక్కడి టీవీలో పాత సుమో పోటీలు వేస్తూ 1991 మే నెలలో చియొనొఫుజి చేసిన విరమణ ప్రకటన చూపించారు. 58వ యొకొజునా (సుమోలో అన్నిటికన్నా పై హోదా), 31 సార్లు విజేత. అప్పటికి 35 ఏళ్లు. తొలిరోజు 18 ఏళ్ల తకహనదా చేతిలో, మూడో రోజు తకతొరికి చేతిలో ఓడి, ఇక చాలన్నాడు. "తైర్యోకు నో గెన్‌కై" అన్నాక గొంతు పూడుకుపోయింది. కన్నీళ్లు ఆపుకుని "కిర్యోకు మో నకునారి" అని, తప్పుకుంటున్నట్టు చెప్పి ముగించాడు. ఒంట్లో శక్తికి ఇదే హద్దు, లోపలి సత్తువ కూడా అయిపోయింది అని.

వినగానే పోతన భాగవతంలో గజేంద్రుడే మాట్లాడుతున్నట్టు అనిపించింది. లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె. వరస కూడా అదే, ముందు ఒళ్లు, తర్వాత మనసు. పద్యం మొత్తం చదువుకుందామని మొదలుపెట్టి రెండో పాదంలో ఆగిపోయాను. మా తాతగారు "తావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ దస్సెన్" అని చదివినట్టే నా చెవిలో ఉంది. అచ్చులో "ఠావుల్... డస్సెన్" అని ఉంది. అసలు పాఠం ఏది?

ఛందోభిలాషి, రాజమండ్రి:
ఠావుల్. ఇందులో చర్చకి తావే లేదు. శార్దూలంలో పదమూడో అక్షరం యతిస్థానం. ఠా కి డ మైత్రి, రెండూ ట వర్గమే. తావుల్ అన్నారంటే డస్సెన్ దగ్గర యతి పోతుంది. పోతన గారు యతి పోగొట్టుకునే మనిషి కాదు.

తెనాలి పాఠకురాలు:
ఛందోభిలాషి గారూ, ఆయన రాసింది ఇంకోసారి చదవండి. తావుల్ ఒక్కటే కాదు, దస్సెన్ అని కూడా అన్నారు. తా కి ద మైత్రి ఉందిగా, రెండూ త వర్గమే. వాళ్ల తాతగారు రెండు చోట్లా మార్చి చదివారంటే యతి ఎక్కడికీ పోలేదు. రెండక్షరాలూ జంటగా నడవాలన్నంత వరకే యతి చెప్తుంది. ఏ జంటో అది చెప్పదు.

ఛందోభిలాషి, రాజమండ్రి:
ఛందస్సు చెప్పకపోతే నిఘంటువు చెప్తుంది. "డస్సు" అంటే అలసిపోవడం, "డస్సిపోయాడు" అని ఇవాళ్టికీ అంటున్నాం. "దస్సు" ఎక్కడుందో ఒక్క ప్రయోగం చూపించండి.

జనగామ అన్న:
అక్షరం సంగతి మీరు చూసుకోండ్రి. నాకు మొదటి మాట మీదనే పంచాయితీ ఉన్నది. సుమో మనిషి రిటైరయితె "లావొక్కింతయు లేదు" అంటే ఎట్ల? ఇయ్యాల్టి పిల్లలకు లావు అంటే కొవ్వు. 150 కిలోల మనిషి లావు లేదంటే నవ్వుతరు. మా దిక్కు అసలు లావు అనం, దొడ్డు అంటం. "దొడ్డుగున్నడు", "దొడ్డు బియ్యం". ఆ దొడ్డు కూడ గట్లనే దిగజారింది. "దొడ్డవాడు" అంటే ఒకప్పుడు గొప్పవాడు, ఇప్పుడు బొజ్జ ఉన్నోడు. పోతన మా బమ్మెర ఆయన, ఆయన లావుకు బలమని అర్థం. అది మొదలు ఒప్పుకొని ముందుకు పోదాం.

తెనాలి పాఠకురాలు:
ఒప్పుకున్నాం అన్నా. బ్రౌన్ నిఘంటువులో బలమూ ఉంది, స్థూలత్వమూ ఉంది. మా వైపు మూడోది కూడా వాడతాం, "లావు కోపం మనిషి" అంటే చాలా కోపిష్ఠి అని.

కవాసకి తెలుగువాడు:
జనగామ అన్నా, విచిత్రం ఏమిటంటే చియొనొఫుజికి ఇప్పటి అర్థంలో లావు లేదు, పోతన అర్థంలోనే ఉంది! యొకొజునాల్లో తేలికవాడు, బరువు 130 కిలోలు కూడా దాటలేదు. ఆయన పడగొట్టిన కొనిషికి 200 కిలోలు ఎప్పుడో దాటేశాడు. 1984లో కొత్తగా పైకొచ్చిన ఆ కొనిషికి చేతిలో ఓడిపోతే, ఈయనే వాళ్ల శిక్షణశాలకి వెళ్లి వాడితోనే తలపడుతూ వాడి పట్టు నేర్చుకున్నాడు. యొకొజునా అంతటివాడు తన దగ్గరికి రమ్మని పిలిపించుకోవచ్చు, ఆయన తనే వెళ్లాడు. నాకు ఆయన మీద ఇష్టం అక్కడే మొదలైంది.

నెల్లూరు మాస్టారు:
సుమతీ శతకం ఎవరూ ఎత్తలేదేం?
"లావుగలవానికంటెను
భావింపగ నీతిపరుడు బలవంతుండౌ
గ్రావంబంత గజంబును
మావటివాడెక్కినట్లు మహిలో సుమతీ."
ఇక్కడ లావు బలమా, ఒళ్లా? "గ్రావంబంత" అన్నాడు, కొండంత. అంటే పరిమాణం కూడా మనసులో ఉంది. "బలవంతుండౌ" అని బలానికి వేరే మాట వాడాడు కూడా. నా వాదం ఏమిటంటే లావులో మొదటినుంచీ రెండర్థాలూ కలిసే ఉన్నాయి, మనం తర్వాత విడదీశాం. కొనిషికి మీద చియొనొఫుజి అచ్చంగా ఈ పద్యమే.

ఛందోభిలాషి, రాజమండ్రి:
మాస్టారూ, అక్కడ ప్రాస కోసం వ కావాలి. లావు, భావింప, గ్రావంబు, మావటి. ప్రాస కోసం పడ్డ మాట మీద అర్థచరిత్ర కట్టకూడదు.

నెల్లూరు మాస్టారు:
పోతన పద్యంలోనూ వ ప్రాసే కదండీ. లావొక్కింత, ఠావుల్, నీవే, రావే. మరి అక్కడ మాత్రం కట్టవచ్చా?

విశాఖ మేనక:
నాదో ఆలోచన. "తైర్యోకు", "ధైర్యము". పక్కపక్కన పెట్టి పైకి చదవండి. బౌద్ధంతో పాటు సంస్కృతం మాటలు చైనా మీదుగా జపాన్ చేరాయి కదా, ధ్యానం "జెన్" అయింది. ధైర్యం కూడా అలా చేరి ఉండకూడదా?

కవాసకి తెలుగువాడు:
మేనక గారూ, చెవికి అందంగానే ఉంది కానీ "తై" అంటే ఒళ్లు, "ర్యోకు" అంటే శక్తి, రెండూ చైనా అక్షరాలే. ధైర్యం ధీర శబ్దం నుంచి పుట్టింది. పైగా అర్థాలు తలకిందులయ్యాయి చూడండి. తైర్యోకుకి సరిపోయేది పోతన లావు. పోతన ధైర్యానికి సరిపోయేది కిర్యోకు.

విశాఖ మేనక:
అర్థాలు తలకిందులవడం భాషల్లో కొత్తా? లావుకి ఏం జరిగిందో ఇప్పుడేగా చెప్పుకున్నాం. నా ఆలోచన నేను వదలను.

సంస్కృతోపాధ్యాయుడు, తిరుపతి:
వ్యాస భాగవతం చూడకుండా ఇంతసేపు ఎలా మాట్లాడుతున్నారు? అష్టమ స్కంధం: "తతో గజేంద్రస్య మనోబలౌజసాం కాలేన దీర్ఘేణ మహానభూద్వ్యయః". మనస్సు, బలం, ఓజస్సు, ఈ మూడూ దీర్ఘకాలంలో వ్యయమైపోయాయి. అక్కడ కవి చెప్తున్నాడు, ఏనుగు కాదు. పోతన ఆ మాటని ఏనుగు నోట పెట్టాడు. వ్యాసుడి గజేంద్రుడు చేసేది తత్త్వస్తోత్రం, "డస్సిపోయాను, రావయ్యా" అనడం పోతన గజేంద్రుడికే తెలుసు. మీ మల్లుడి మాట అంతగా తాకడానికి కారణం కూడా ఇదే అనుకుంటాను. ఇతరులు "బలం తగ్గింది" అంటే అది వార్త. బలం తగ్గినవాడే ఆ మాట అంటే వేరు.

ధైర్యం దగ్గర కూడా తొందరపడకండి. ఇక్కడ ధైర్యమంటే భయం లేకపోవడం కాదు, స్థిరత్వం, ధృతి. అందుకే "పోయింది" అనలేదు, "విలోలంబయ్యె" అన్నాడు, ఊగిసలాడింది. కిర్యోకు "పోయింది" అన్నారు. ఆ తేడా చిన్నది కాదు.

జనగామ అన్న:
సార్, మస్తు చెప్పిన్రు. పోతన గురించి ఎవరు మాట్లాడినా నాకు కడుపు నిండుతది. నాగలి పట్టిన చెయ్యి గనుకనే డస్సిపోవుడు అంటే ఏందో తెలిసిందని మా ఊర్ల అంటరు. మొసలి పద్యం సూడుండ్రి, "పాదద్వంద్వము నేలమోపి పవనుం బంధించి". రెండు కాళ్లు నేలకు ఆనిచ్చి, ఊపిరి బిగబట్టి. గది కుస్తీ చూసినోడు రాసిన పద్యం కాదా?

కవాసకి తెలుగువాడు:
అన్నా, సుమోలో మొదటి పాఠం అదే! పాదాలు ఎత్తకుండా నేలని రాసుకుంటూ జరగాలి, సురిఅషి అంటారు. కాలు లేచిందా, తోసేస్తారు. ఏళ్ల తరబడి పొద్దున్నే అదే సాధన.

"ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అన్నదీ ఈయన విషయంలో మాటవరసకి కాదు. భుజం కీలు పదేపదే తప్పేది. పట్టి ఉంచడానికి చుట్టూ కండ పెంచుకున్నాడు. ఒంట్లో ఒక ఠావు తప్పినా 1988లో వరసగా 53 గెలుపులు గెలిచాడు. నవంబరులో చివరి రోజున ఓనొకుని ఆ వరస తెంచాడు.

తెనాలి పాఠకురాలు:
మీరే "ఠావు" అని రాశారు, గమనించారా? మీ చేతికి పాఠం తెలిసిపోయింది.

విశాఖ మేనక:
మూడో పాదం కూడా చూడండి. "నీవే తప్ప నితఃపరం బెరుగ". నీవు తప్ప ఇంకొకరిని ఎరుగను అని అందరూ చెప్పే అర్థం. కానీ "ఇతఃపరం" అంటే "ఇక మీదట" కూడా కదా. నీవు తప్ప, ఇక మీదట ఏమిటో ఎరుగను. 35 ఏళ్లకి బరి వీడినవాడి నోట ఈ అర్థమే నప్పుతుంది.

సంస్కృతోపాధ్యాయుడు, తిరుపతి:
శబ్దం ఒప్పుకుంటుంది, అన్వయం ఒప్పుకోదు. "నీవే తప్ప" అన్నాక ఎదురుచూసేది మరో వ్యక్తిని, మరో కాలాన్ని కాదు.

కవాసకి తెలుగువాడు:
చియొనొఫుజికి మాత్రం ఇతఃపరం బాగా తెలుసు. తన బరిపేరుతోనే సంఘంలో పెద్దగా కొనసాగే గౌరవం ఇస్తామంటే వద్దన్నాడు. ముందు జిన్మకు అనే పేరు తీసుకుని, 1992లో గురువు కితనొఫుజి నుంచి కొకొనొఎ శిక్షణశాలని, ఆ పేరునీ అందుకున్నాడు. ఆయన తీర్చిన చియొతైకై 1999లో ఒజెకి (యొకొజునా కింది హోదా) అయ్యాడు. 2016లో ఆయన 61 ఏళ్లకి పోయాక ఆ శాలని నడుపుతున్నది ఆ చియొతైకైయే. సొంత పేరు కంటే శాల పేరు మిన్న అనుకున్నవాడిని నేను ఊరికే తలుచుకోను.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఇలా శిక్షకుడైనవాణ్ణి "ఒయకత" అంటారు, అందులో "ఒయ" అంటే కన్నవాళ్లు. తెలుగులో ఏమనాలి? కోచ్ అనడానికి నాకు నోరు రావట్లేదు. శిష్యులు ఆ ఇంట్లోనే ఉంటారు, అక్కడే తింటారు, ఆయన భార్య వాళ్లని తల్లిలా చూసుకుంటుంది.

నెల్లూరు మాస్టారు:
వస్తాదు! ఉస్తాద్ నుంచి వచ్చింది, అసలు అర్థం గురువు. తాలింఖానాలో నేర్పేవాడు. తెలుగులోకి వచ్చి కండలు తిరిగినవాడు అనే అర్థం మిగిలింది. కుస్తీ పట్టినప్పుడూ వస్తాదే, నేర్పేటప్పుడూ వస్తాదే. విరమించి శిక్షకుడైతే ఆ మాట పాత అర్థంలోకి వెళ్తుంది, అంతే.

జనగామ అన్న:
హైదరాబాద్ తాలీంలల్ల ఇప్పటికీ ఉస్తాద్ అంటే గురువే మాస్టారూ, అర్థం యాడికి పోలే. పట్టేటోడు పహిల్వాన్, నేర్పేటోడు ఉస్తాద్.

తెనాలి పాఠకురాలు:
వస్తాదులో కన్నతనం లేదండీ. ఇంతకీ ఆ తకహనదా సంగతి? శిష్యుడు కాదు కదా?

కవాసకి తెలుగువాడు:
కాదమ్మా, వేరే శాల. తనకి నేర్పిన పెద్దవాణ్ణి ఓడిస్తే దాన్ని "ఒన్‌గయెషి" అంటారు, ఋణం తీర్చుకోవడం. ఇక్కడ ఆ మాట కుదరదు. ఇంకో లెక్క ఉంది. ఈ కుర్రాడి తండ్రి తకనొహన, పేరున్న ఒజెకి, 1981 జనవరి పోటీల మధ్యలో విరమించాడు. చియొనొఫుజి మొదటిసారి విజేత అయింది ఆ పోటీల్లోనే. పదేళ్లకి కొడుకు వచ్చాడు. తర్వాత ఆ కొడుకూ యొకొజునా అయ్యాడు.

సంస్కృతోపాధ్యాయుడు, తిరుపతి:
శిష్యుడి చేతిలో ఓటమి గురువుకి గెలుపే అని మన పెద్దలూ అన్నారు. "శిష్యాదిచ్ఛేత్ పరాజయం".

కవాసకి తెలుగువాడు:
ఆ మాట దగ్గర కిసెనొసాతొ ఒయకతని చెప్పుకోవాలి. 2019 జనవరిలో విరమిస్తూ తన బరి జీవితంలో రవ్వంత పశ్చాత్తాపం లేదన్నాడు. యొకొజునా అయ్యాక గాయంతో ఎక్కువ కాలం బరికి దూరంగానే ఉన్న మనిషి ఆ మాటన్నాడు. ఆయన శిష్యుడు ఓనొసాతొ 2025లో 75వ యొకొజునా. గజేంద్రుడి పద్యం ఈయనకి పనికిరాదు, ఇంకోటి వెతకాలి.

విశాఖ మేనక:
వెతకడం ఎందుకు, రాద్దాం. చియొనొఫుజి మీద ఒక శార్దూలం ఎత్తుకోండి ఎవరైనా.

ఛందోభిలాషి, రాజమండ్రి:
శార్దూలంలో ఆ పేరు పట్టదు. జపాన్ వాళ్లు పలికినట్టు పొట్టిగా రాస్తే చి-యొ-నొ-ఫు-జి, అయిదూ లఘువులు. శార్దూల, మత్తేభ, ఉత్పలమాలల్లో వరసగా మూడుకి మించి దొరకవు, చంపకమాల మొదట్లో నాలుగు. కందం తీసుకోండి. ఆరో గణానికి నలమో (నాలుగు లఘువులు) జగణమో ఎలాగూ కావాలి. "చియొనొఫు" అక్కడ నలంగా కూర్చుంటుంది, "జి" ఏడో గణం మొదట పడుతుంది. ఏడోది జగణం కాకుండా చూసుకోండి, బేసి గణం. మిగతా కందం ఎవరు పూరిస్తారు?