చైల్డర్స్ ‘బయటివాడా’, ‘పరాయివాడా’, ‘కానివాడా’?

ప్రశ్న: ఐరిష్ స్వాతంత్ర్య పోరాటంలోనూ, ఆ వెంటనే వచ్చిన అంతర్యుద్ధంలోనూ పాల్గొన్న ఎర్‌స్కిన్ చైల్డర్స్ జీవితాన్ని తెలుగులో చారిత్రక నవలగా రాస్తున్నాను. 1922 జనవరి 10న ఐరిష్ శాసనసభలో ఆయన ప్రశ్న వేయబోతే, ఈ సభలో ఏ ఇంగ్లీషువాడికీ బదులు చెప్పనని ఐరిష్ నాయకుడు ఆర్థర్ గ్రిఫిత్ ‘డామ్డ్’ (damned) అన్న తిట్టు చేర్చి మరీ అన్నాడు. ఆ తిట్టును తెలుగులో ఎలా పలికించాలి? మిగతా చోట్ల చైల్డర్స్‌ను ‘బయటివాడు’ అంటే సరిపోతుందా?

జవాబు: ‘బయటివాడు’ సరిపోదని నా అభిప్రాయం. ఆ మాట చోటును చెబుతుందే తప్ప మనసును చెప్పదు. పుట్టిన చోటే లెక్క అయితే న్యూయార్క్‌లో పుట్టిన డి వలేరా, ఎడిన్‌బరోలో పుట్టిన జేమ్స్ కానలీ కూడా బయటివాళ్లే కావాలి. కానీ ఒకరు ఆ ఉద్యమానికి నాయకుడయ్యారు, మరొకరు 1916లో దానికోసమే తుపాకీ గుళ్లకు బలయ్యారు. చైల్డర్స్ లండన్‌లో పుట్టినా, ఆరేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకొని, విక్లో కౌంటీలోని గ్లెన్‌డాలాక్ హౌస్‌లో మేనమామ దగ్గర పెరిగాడు. తెలుగువాడికి మేనమామ ఇల్లు ఎన్నటికీ బయటి ఇల్లు కాదు కనుక, మీ నవలలో ఆ బంధుత్వం పేరు ఒక్కసారి పలికితే చాలు, పాఠకుడికి విషయం అర్థమవుతుంది.

‘పరాయి’ అన్నది ఇంకొకరి తీర్పు. 1914 జూలై 26న ఐరిష్ జాతీయవాదుల కోసం తన పడవ ఆస్‌గార్డ్‌లో 900 తుపాకులు తెచ్చి డబ్లిన్ దగ్గరి హౌత్ రేవులో దించిన మనిషిని, 1921లో బ్రిటన్‌తో ఒప్పంద చర్చలకు వెళ్లిన ఐరిష్ బృందానికి కార్యదర్శిగా పనిచేసిన మనిషిని, ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించిన తరువాత నిండు సభలో ఇంగ్లీషువాడని ఈసడించారంటే, ఆయన ఎక్కడినుంచి వచ్చాడన్నది అక్కడ కారణం కాదు. మనకు ‘అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో’ అన్న సామెత ఉంది. అందులోని ‘కానివాడు’ ఇక్కడ ‘పరాయివాడు’ కన్నా పదునైన మాట అని నేను నమ్ముతున్నాను. ఎంత చేసినా తమవాడుగా ఒప్పుకోకపోవడం ఆ మాటలోనే ఉంది.

అటు ఇంగ్లండు కూడా ఆయనను తనవాడనలేదు. అంతర్యుద్ధంలో ఆయన పట్టుబడ్డాడని తెలిసి బ్రిటిష్ నాయకుడు చర్చిల్ స్కాట్లండ్‌లోని డండీలో హర్షం ప్రకటిస్తూ, పుట్టిన గడ్డపై పగబట్టిన హంతకుడని దూషించాడు. అలాగని ‘రెంటికీ చెడ్డ రేవడి’ అని మాత్రం రాయకండి. ఆ జాతీయంలో దురాశకు పోయి చెడినవాడి మీద వెటకారం ఉంది, చైల్డర్స్ దేనికీ ఆశపడలేదు. చర్చిల్ వాడిన ‘రెనగేడ్’ (renegade) అన్న మాటకు ‘ఫిరాయింపుదారు’ కూడా పనికిరాదు, మన పాఠకుడికి వెంటనే పార్టీ మారిన ఎమ్మెల్యే గుర్తుకొస్తాడు. ‘ద్రోహి’ చాలు.

గ్రిఫిత్ తిట్టుకు ‘దిక్కుమాలిన ఇంగ్లీషువాడు’ అనండి. నిత్యం వినే తిట్టే అయినా, దాని అసలు అర్థం, దిక్కు లేనివాడని, తండ్రి లేక పెరిగిన ఈ మనిషికి గ్రిఫిత్ తలచినదానికన్నా లోతుగా తగులుతుంది.

మరొక జవాబు: తిట్టు విషయంలో నేను ఏకీభవించలేను. ‘దిక్కుమాలిన’ను మనం వర్షాన్నీ, బస్సునూ కూడా అంటాం, వాడివాడి ఆ మాట అరిగిపోయింది. మూలంలోని తిట్టులో నరకానికి పొమ్మన్న శాపం ఉంది, కనుక ‘పాపిష్టి’ దగ్గరగా ఉంటుంది.

నవలకు తప్పనిసరి అయిన మరో వాక్యం కూడా ఉంది. ఒప్పందం వైపు నిలిచిన నాయకుడు మైకేల్ కాలిన్స్ ఒకప్పుడు ఇచ్చిన చిన్న పిస్తోలు దగ్గర ఉంచుకొన్న నేరానికి 1922 నవంబర్ 24న డబ్లిన్‌లో కొత్త ఐరిష్ ప్రభుత్వ సైనికులు కాల్చి చంపబోతున్నప్పుడు, చైల్డర్స్ వాళ్లతో ఒకటి రెండు అడుగులు ముందుకు రమ్మని, అలా అయితే సులువవుతుందని అన్నాడు. అక్కడి ‘లాడ్స్’ (lads) అన్న సంబోధనకు ‘కుర్రాళ్లూ’ అంటే మోటుగా ఉంటుంది, ‘సోదరులారా’ అంటే సభలో ఉపన్యాసంలా ఉంటుంది. యాభై రెండేళ్ల మనిషి చిన్నవాళ్లతో ‘నాయనా’ అంటాడు, ‘నాయనలారా’ అని రాయండి. కథనంలో ఆయనను ‘ఆయన’ అనే ఉంచి, ఏకవచనాన్ని గ్రిఫిత్, చర్చిల్ నోళ్లకు మాత్రమే వదిలిపెడితే, ఎవరు కానివాడిగా చూశారో విడిగా చెప్పే అవసరం పడదు.