రోజుకు ఐదు రూపాయల విరాళం: లెక్క కలగాపులగం కాకుండా జమ చేసే పద్ధతి కావాలి

తిరుపతి కొర్లగుంటలో మా వీధిలోని ఇరవై కుటుంబాలవారం రోజుకు ఐదు రూపాయల చొప్పున తీసిపెట్టి, రుయా ఆసుపత్రిలో రోగులకు తోడుగా ఉండిపోయే పల్లెవాళ్ల రాత్రి భోజనానికి వినియోగించాలని నిశ్చయించుకున్నాం. ఏడాదికి ఇంటికి 1,825 రూపాయలు, అందరిదీ కలిపితే 36,500 అవుతుంది. ఒక్కసారిగా ఇమ్మంటే మాలో చాలామందికి సాధ్యంకాని మొత్తమిది.

మొదట ముడుపు కట్టినట్టు ఇంటింటా ఒక డబ్బా పెట్టాం. నెలాఖరుకు రూపాయి, రెండు రూపాయల బిళ్లలే గుట్టగా తేలాయి, వాటిని లెక్కపెట్టి తీసుకోవడానికి బ్యాంకు కౌంటరులో ఇష్టపడలేదు. తరువాత యూపీఐ ద్వారా ఒకరి ఖాతాకు పంపాం. అందులో ఆయన పాల బాకీ, కరెంటు బిల్లు కూడా కలిసిపోయి, ఎవరి ఐదు రూపాయలు ఏ రోజు పడ్డాయో విడదీయడం కష్టమైంది. సంఘం పేరిట ఖాతా అడిగితే రిజిస్ట్రేషన్ పత్రం తెమ్మన్నారు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే రిజిస్టరు చేసుకోవచ్చు గాని, ఇంత చిన్న మొత్తానికి ఆ వ్రాతకోతల భారం తగదని నా అభిప్రాయం. నెలకు 150 రూపాయలు ఒకేసారి వసూలు చేద్దామంటే, రోజూ ఇచ్చే అలవాటే పోతుందని పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. వారి మాట సబబే. పన్ను రాయితీ మాకు అక్కరలేదు.

సంఘాన్ని రిజిస్టరు చేయకుండానే, ఈ సొమ్ము ఎవరి సొంత డబ్బుతోనూ కలవకుండా, రోజువారీ జమ ఇరవై ఇళ్లవారికీ కనిపించేలా నడుపుకొనే పద్ధతిని మీలో ఎవరైనా ఆచరిస్తుంటే, అదేమిటో దయచేసి తెలియజేయగలరా?