అప్‌డేట్: హనుమకొండలో హోటల్ గదా, డార్మిటరీ పడకా?

ఒంటరిగా వస్తున్నాను, ఏది మేలని అడిగాను కదా. పడకే తీసుకున్నాను. చూడాల్సిన చోట్ల పట్టిక మొదటి రోజే అటకెక్కింది. వరండాలో టీ గ్లాసుతో కూర్చుంటే పదకొండు దాటినా లేవబుద్ధి కాదు. పోటీ పరీక్షకు వచ్చిన కరీంనగర్ అబ్బాయి పుస్తకం తెరిచి ఉంచుకునే మాతో కబుర్లాడతాడు. పాసవుతాడో లేదో మరి! పక్క పడక పెద్దాయన సకినాల డబ్బా తెరిచి, నువ్వులు రాలకుండా అరచేయి అడ్డుపెట్టి అందరికీ పంచుతారు. సాయంత్రాలు భద్రకాళి చెరువు గట్టు మీద నడక.

రామప్పకు మాత్రం నలుగురం కలిసి బస్సెక్కాం. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు పొందింది. మదనికలనే నల్లరాతి స్త్రీమూర్తుల శిల్పాల దగ్గరే పూట గడిచిపోయింది.

గురకలు తప్పవు. చెవుల్లోకి దూది, లాకరుకు తాళం తెచ్చుకోండి.